బ్రిటన్‌లో మార్ట్‌గేజ్: రేటు ఒక్కటే చూస్తే లెక్క తప్పుతుంది

బ్రిటన్‌లో ఇల్లు కొనబోయేవాళ్లూ, ఉన్న లోన్‌ను కొత్త డీల్‌లోకి మార్చుకోవాలనుకునేవాళ్లూ మొదట చేసే పని ఒకటే. ఒక పోలిక వెబ్‌సైట్ తెరుస్తారు, రేట్లను తక్కువ నుంచి ఎక్కువకు వరుస పెడతారు, అన్నిటికన్నా పైన ఉన్నదాని వైపు మొగ్గుతారు. ఆ పైనున్న డీల్ చాలామందికి నిజానికి చౌక కాదు. పోల్చాల్సిన అంకెలు రెండున్నాయి. డీల్ నడిచే రెండేళ్లలోనో ఐదేళ్లలోనో ఫీజులతో కలిపి చేతి నుంచి మొత్తం ఎంత పోతుందన్నది ఒకటి, ఆ గడువు ముగిసే రోజుకు ఇంకా ఎంత బాకీ మిగులుతుందన్నది రెండోది. ఈ రెండూ తెలియకుండా 4.2 శాతం మంచిదా, 4.5 శాతం మంచిదా అన్న ప్రశ్నకు జవాబు లేదు.

ఇండియాలో హోమ్ లోన్ చూసినవాళ్లకు ఇక్కడి పద్ధతి మొదట్లో వింతగా ఉంటుంది. అక్కడ ఎక్కువమంది ఫ్లోటింగ్ రేటు మీద లోన్ తీసుకుని, అదే బ్యాంకులో ఇరవై ఏళ్లు కట్టుకుంటూ పోతారు. బ్రిటన్‌లో లోన్ ముప్ఫై ఏళ్లదైనా, రేటు మాత్రం సాధారణంగా రెండేళ్లకో ఐదేళ్లకో ఫిక్స్ అవుతుంది. ఆ గడువు దాటాక ఏమీ చేయకపోతే లోన్ తనంతట తానే బ్యాంకు స్టాండర్డ్ వేరియబుల్ రేటుకు, అంటే ఎస్‌వీఆర్‌కు వెళ్లిపోతుంది. ఇది బ్యాంకు తన ఇష్టప్రకారం పెట్టుకునే రేటు, దాదాపు ఎప్పుడూ కొత్త డీల్స్ కన్నా బాగా ఎక్కువ. అందుకే ఇక్కడ ఇంటి లోన్ ఒకసారి తేల్చుకుని మరిచిపోయే విషయం కాదు. కొన్నేళ్లకోసారి మళ్లీ డీల్స్ పోల్చి, అవసరమైతే బ్యాంకు మారాలి. దాన్నే రీమార్ట్‌గేజ్ అంటారు.

ఈ పద్ధతి వల్ల ఎంత నొప్పి కలగగలదో గత కొన్నేళ్లు చూపించాయి. బ్రిటన్ కేంద్ర బ్యాంకు అయిన బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ నిర్ణయించే బేస్ రేటు 2020 మార్చి నుంచి 2021 డిసెంబర్ వరకు 0.1 శాతం దగ్గరే ఉంది. ఆ తర్వాత వరుసగా 14 సార్లు పెరిగి 2023 ఆగస్టుకు 5.25 శాతానికి చేరింది. మధ్యలో 2022 సెప్టెంబర్ 23న అప్పటి ఆర్థిక మంత్రి క్వాసీ క్వార్టెంగ్ ప్రకటించిన మినీ బడ్జెట్‌తో బాండ్ మార్కెట్ కుదేలై, లెండర్లు రోజుల వ్యవధిలో వందల డీల్స్ వెనక్కి తీసుకున్నారు. అక్టోబర్‌కల్లా రెండేళ్ల ఫిక్స్ సగటు రేటు 6 శాతం దాటింది. 2024 ఆగస్టులో బేస్ రేటు తగ్గడం మొదలై, మరుసటి ఏడాది ఆగస్టుకు 4 శాతానికి వచ్చింది.

2021లో ఐదేళ్ల ఫిక్స్ తీసుకున్నవాళ్ల గడువు 2026లో ముగుస్తోంది. వాళ్లకు ఈ చరిత్ర నెలనెలా కిస్తీ రూపంలో ఎదురవుతుంది. ఒక ఉదాహరణ చూద్దాం. 2.5 లక్షల పౌండ్ల లోన్, 30 ఏళ్ల గడువు, 1.5 శాతం రేటు. నెల కిస్తీ 863 పౌండ్లు. ఐదేళ్లు కట్టాక మిగిలే బాకీ దాదాపు 2,15,700 పౌండ్లు. ఇప్పుడు అదే బాకీకి, మిగిలిన 25 ఏళ్లకు 4.5 శాతం రేటు దొరికితే నెలకు 1,199 పౌండ్లు కట్టాలి. అంటే 336 పౌండ్లు ఎక్కువ. కొత్త డీల్ తీసుకోకుండా ఊరుకుని, ఎస్‌వీఆర్ 7.5 శాతం ఉందనుకుంటే కిస్తీ 1,594 పౌండ్లవుతుంది. ఆలస్యం చేసిన ప్రతి నెలా దాదాపు 400 పౌండ్లు ఊరికే పోతాయి. బ్యాంకు ఉత్తరం వచ్చినప్పుడు తర్వాత చూద్దాంలే అని పక్కన పెట్టేవాళ్లు తప్పకుండా చూడాల్సిన లెక్క ఇది.

ఇక అసలు పోలిక దగ్గరికి వద్దాం. 2 లక్షల పౌండ్ల లోన్, 25 ఏళ్లు, రెండేళ్ల ఫిక్స్. ఒక డీల్ 4.2 శాతం, దానికి 1,499 పౌండ్ల ప్రొడక్ట్ ఫీజు, అంటే ఆ డీల్ తీసుకున్నందుకు బ్యాంకు వేసే ఫీజు. ఇంకోటి 4.5 శాతం, ఫీజు లేదు. మొదటిదానికి నెలకు 1,078 పౌండ్లు, రెండోదానికి 1,112 పౌండ్లు. తేడా 34 పౌండ్లు, రెండేళ్లకు సుమారు 810. తక్కువ రేటులో అసలు కాస్త త్వరగా తీరుతుంది కాబట్టి, రెండేళ్ల చివర బాకీ ఇంకో 380 పౌండ్లు తక్కువగా ఉంటుంది. మొత్తం లాభం దాదాపు 1,190 పౌండ్లు, దానికోసం కట్టిన ఫీజు 1,499. పైన మెరిసిన 4.2 శాతమే ఖరీదైన డీల్ అని తేలింది.

లోన్ పెద్దదైతే ఫలితం తిరగబడుతుంది. అవే రెండు డీల్స్, లోన్ మాత్రం 3.5 లక్షల పౌండ్లు అనుకుంటే, తక్కువ రేటు వల్ల వచ్చే లాభం 2,080 పౌండ్లు దాటుతుంది. అప్పుడు ఫీజు పోను ఇంకా 580 పౌండ్లు మిగులుతాయి. ఈ రెండు డీల్స్ మధ్య గీత సుమారు 2.5 లక్షల పౌండ్ల దగ్గర పడుతుంది. ఐదేళ్ల ఫిక్స్ అయితే అదే ఫీజు ఐదేళ్లకు పంచుకుంటుంది కాబట్టి ఆ గీత ఇంకా కిందికి దిగుతుంది. ఎవరి లోన్ ఎంత, ఎన్నేళ్ల ఫిక్స్ అన్నది తెలియకుండా ఫలానా బ్యాంకు బెస్ట్ అని వాట్సాప్ గ్రూపులో చెప్పే సలహాకు విలువ లేకపోవడానికి కారణం ఇదే. స్నేహితుడికి మంచిదైన డీల్ అతని బాకీకి మంచిది, అంతవరకే.

ఫీజును లోన్‌లో కలిపేయమనే ఆప్షన్ కూడా ఉంటుంది. కలిపితే ఆ 1,499 మీద కూడా పాతికేళ్లు వడ్డీ కడుతూనే ఉంటారు. కానీ కొనుగోలు మధ్యలో ఆగిపోయే భయం ఉన్నప్పుడు ముందు లోన్‌లో కలిపి, ఇల్లు చేతికొచ్చాక ఓవర్‌పేమెంట్‌గా, అంటే కిస్తీకి అదనంగా, కట్టేయడం తెలివైన పని. ముందే చేతి నుంచి కట్టిన ఫీజు తిరిగి రావడానికి కొన్నిచోట్ల ఇబ్బంది పడాలి. క్యాష్‌బ్యాక్, ఉచిత వాల్యుయేషన్, రీమార్ట్‌గేజ్‌కు ఉచిత లీగల్ పని లాంటివి కూడా పౌండ్లలోకి మార్చి ఈ లెక్కలోనే వేసుకోవాలి.

ప్రతి డీల్ పక్కనా ఏపీఆర్‌సీ అనే ఇంకో శాతం కనిపిస్తుంది. చట్టం ప్రకారం చూపించి తీరాల్సిందే అయినా, ఎంపికకు అది పెద్దగా పనికిరాదు. ఫిక్స్ అయిపోయాక కూడా ఎస్‌వీఆర్ మీదే చివరిదాకా ఉండిపోతారని అనుకుని లెక్కేసిన అంకె అది. డీల్ ముగియగానే మారాలనుకునేవాళ్లకు దానితో పనేముంది?

రెండేళ్లా, ఐదేళ్లా అన్న ప్రశ్నకు రేట్లు ఎటు వెళ్తాయో ఊహించి జవాబు వెతకడం చాలామంది చేసే పని. ఇక్కడ ఒక విషయం తెలిసి ఉండాలి. ఫిక్స్‌డ్ రేట్లు నేరుగా బేస్ రేటును అనుసరించవు. బ్యాంకులు వాటిని స్వాప్ రేట్లను, అంటే తమలో తాము మారే వడ్డీని స్థిర వడ్డీగా మార్చుకునే రేట్లను, చూసి నిర్ణయిస్తాయి. రాబోయే రెండేళ్లలో, ఐదేళ్లలో వడ్డీ ఎలా ఉండబోతోందని మార్కెట్ అనుకుంటోందో ఆ అంచనా స్వాప్ రేట్లలో ముందే ఉంటుంది. వచ్చే నెల బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ పావు శాతం తగ్గిస్తుందని అందరూ అనుకుంటూ ఉంటే, ఆ తగ్గింపు ఇవాళ్టి ఫిక్స్‌డ్ రేటులో అప్పటికే కలిసిపోయి ఉంటుంది. అందుకే కొన్నిసార్లు బేస్ రేటు తగ్గిన రోజే ఫిక్స్‌డ్ డీల్స్ కదలవు, ఒక్కోసారి పెరుగుతాయి కూడా. బేస్ రేటుతో పాటు నేరుగా కదిలేది ట్రాకర్. కిస్తీ పెరిగినా తట్టుకోగల మిగులు ఉన్నవాళ్లకే అది నప్పుతుంది.

మార్కెట్‌ను ఊహించడం కన్నా కుటుంబం రాబోయే రోజులను ఊహించడం మేలు. ఫిక్స్ గడువు లోపల లోన్ తీర్చేసినా, వేరే బ్యాంకుకు మారినా ఎర్లీ రీపేమెంట్ చార్జ్ పడుతుంది. ఐదేళ్ల డీల్‌లో ఇది మొదటి ఏడాది 5 శాతం ఉండి, ఏటా ఒక్కో శాతం తగ్గుతూ రావడం సాధారణం. 1.8 లక్షల బాకీ మీద 3 శాతం అంటే 5,400 పౌండ్లు. ఉద్యోగం వేరే ఊరికి మారే సూచన ఉన్నా, పిల్లల స్కూలు కోసం రెండు మూడేళ్లలో వేరే ప్రాంతానికి వెళ్లాలనుకున్నా, ఇండియాకు తిరిగి వెళ్లిపోయే ఆలోచన ఉన్నా, ఐదేళ్ల ఫిక్స్‌లో 0.1 శాతం తక్కువ దొరికిందన్న సంతోషం ఆ ఒక్క చార్జ్‌తో ఆవిరైపోతుంది. ఎక్కువ డీల్స్‌ను కొత్త ఇంటికి పోర్ట్ చేసుకోవచ్చన్న, అంటే అదే డీల్‌ను వెంట తీసుకెళ్లవచ్చన్న, మాట నిజమే. అయితే అప్పుడు లెండర్ జీతం, ఖర్చులు అన్నీ మళ్లీ మొదటి నుంచి చూస్తాడు. అప్పటి పరిస్థితిలో లోన్ ఇవ్వనంటే పోర్టింగ్ కాగితం మీదే మిగిలిపోతుంది.

రేటును నిజంగా కిందికి దించేది ఎక్కువగా ఎల్‌టీవీ. అంటే ఇంటి విలువలో లోన్ వాటా. 95, 90, 85, 80, 75, 60 శాతం అంటూ మెట్లుంటాయి. ఒక మెట్టు దిగితే మొత్తం లోన్ మీద రేటు తగ్గుతుంది. కొనేవాళ్లకు ఇందులో ఒక ప్రమాదం ఉంది. 3 లక్షల ఇంటికి 30 వేలు డిపాజిట్ పెట్టి 90 శాతం డీల్ అనుకుంటారు. బ్యాంకు సర్వేయర్ వచ్చి ఇంటి విలువ 2.95 లక్షలే అంటే, 2.7 లక్షల లోన్ 91.5 శాతం అవుతుంది. దాంతో డీల్ 95 శాతం మెట్టులోకి పడిపోతుంది. లేదా ఇంకో 4,500 పౌండ్లు వెతకాలి, లేదా అమ్మేవాళ్లతో బేరమాడాలి. డిపాజిట్‌ను సరిగ్గా మెట్టు అంచున నిలబెట్టకుండా కొంచెం అదనంగా దాచుకోవాలని చెప్పేది అందుకే.

రీమార్ట్‌గేజ్ చేసేవాళ్లకు ఇదే విషయం కలిసొస్తుంది. పైన చెప్పిన 2,15,700 బాకీ ఉన్న ఇల్లు ఇప్పుడు 2.85 లక్షలు చేస్తుందనుకుందాం. ఎల్‌టీవీ 75.7 శాతం. కొత్త డీల్‌కు ముందు సుమారు 2,000 పౌండ్లు ఓవర్‌పే చేస్తే 75 శాతంలోకి వచ్చేస్తుంది. చాలా ఫిక్స్‌డ్ డీల్స్‌లో ఏడాదికి బాకీలో 10 శాతం వరకు చార్జ్ లేకుండా కట్టుకోవచ్చు కాబట్టి దీనికి అడ్డం కూడా ఏమీ ఉండదు. సేవింగ్స్‌లో పడి ఉన్న రెండు వేలు ఇంతకన్నా బాగా పనిచేసే చోటు దొరకడం కష్టం.

ఎంత లోన్ వస్తుంది అన్నది వేరే ప్రశ్న, ఎంత లోన్ మోయగలం అన్నది వేరే ప్రశ్న. మొదటిదానికి బ్యాంకు జవాబు చెబుతుంది. ఆదాయానికి నాలుగున్నర రెట్లు అన్నది ఇక్కడ అందరూ వినే మాట. 2014 నుంచి అంతకన్నా ఎక్కువ రెట్లిచ్చే లోన్ల మీద బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ పరిమితి పెట్టడమే దానికి మూలం. అదే ఏడాది వచ్చిన రూల్స్ ప్రకారం లెండర్ పేస్లిప్‌లే కాకుండా ఖర్చులనూ చూడాలి. కార్ ఫైనాన్స్, క్రెడిట్ కార్డ్ బాకీ, నర్సరీ ఫీజు, ఇండియాలో నడుస్తున్న లోన్ ఈఎంఐ అన్నీ లెక్కలోకి వస్తాయి. ప్రతి నెలా అమ్మానాన్నలకు పంపే డబ్బు స్టేట్‌మెంట్‌లో కనిపిస్తే దాన్ని కూడా ఖర్చు కింద వేయవచ్చు. వీసా మీద ఉన్నవాళ్లకు కొందరు లెండర్లు ఎక్కువ డిపాజిట్ అడుగుతారు, కొందరు బ్రిటన్‌లో ఇన్నాళ్లు ఉండి తీరాలంటారు. అన్ని లెండర్లనూ చూసే బ్రోకర్ అవసరం ఇలాంటి చోటే ఎక్కువ.

రెండో ప్రశ్నకు జవాబు ఇంట్లోనే వెతకాలి. భార్యాభర్తల జీతాలు ఏడాదికి 40 వేలు, 28 వేల పౌండ్లు అనుకుందాం. మొత్తం 68 వేలకు నాలుగున్నర రెట్లంటే 3.06 లక్షల లోన్. 4.5 శాతం, 30 ఏళ్లకు నెలకు 1,550 పౌండ్లు. ట్యాక్స్, నేషనల్ ఇన్సూరెన్స్ పోను ఇద్దరి చేతికి నెలకు వచ్చేది సుమారు 4,670. పెన్షన్ కోత ఉంటే ఇంకా తక్కువ. అంటే మూడో వంతు కిస్తీకే. చూడటానికి పర్లేదనిపిస్తుంది. కానీ బిడ్డ పుట్టి, 28 వేల జీతం ఉన్న ఆమె సెలవులో ఉంటే, చట్టం ప్రకారం వచ్చే మెటర్నిటీ పే మొదటి ఆరు వారాలు జీతంలో 90 శాతం, తర్వాతి 33 వారాలు వారానికి 200 పౌండ్లలోపు. కంపెనీ సొంతంగా ఎక్కువ ఇస్తే తప్ప ఇంటి రాబడి నెలకు వెయ్యి పౌండ్లకు పైగా తగ్గిపోతుంది. కిస్తీ మాత్రం అంతే. ఆమె తిరిగి ఉద్యోగంలో చేరాక నర్సరీ ఖర్చు మొదలవుతుంది. సరిగ్గా అప్పుడే ఫిక్స్ గడువు ముగిసి రేటు 6.5 శాతానికి పెరిగితే? అదే లోన్ కిస్తీ దాదాపు 1,900కి చేరుతుంది. బ్యాంకు ఇస్తానన్న మొత్తం అంతా తీసుకోవడం చాలా కుటుంబాలకు టెన్షన్ కొనితెచ్చుకోవడమే.

దీన్ని ముందే పరీక్షించుకునే పద్ధతి ఒకటి ఉంది. ఇప్పటి అద్దెకూ రాబోయే కిస్తీకీ మధ్య తేడాను, దానితో పాటు ఫ్లాట్ అయితే సర్వీస్ చార్జ్‌ను కూడా కలిపి, ప్రతి నెలా జీతం పడిన రోజే పక్క అకౌంట్‌లోకి పంపాలి. ఆరు నెలలు ఆ డబ్బు ముట్టుకోకుండా గడిస్తే ఆ కిస్తీ మోయగలిగినదే. మధ్యలో వెనక్కి తీసుకోవాల్సి వస్తే లోన్ తగ్గించుకోవాలి.

గడువును 35 ఏళ్లకు పొడిగించి కిస్తీ తగ్గించుకోవడం ఈమధ్య మామూలైపోయింది. పై దంపతుల కిస్తీ అలా 1,448కి దిగుతుంది. అయితే రీమార్ట్‌గేజ్ సమయంలో ఇలా పొడిగించడానికి అయ్యే ఖర్చు చిన్నది కాదు. 2,15,700 బాకీని 25 ఏళ్ల బదులు 30 ఏళ్లు చేస్తే నెలకు 106 పౌండ్లు తగ్గుతుంది. రేటు అదే ఉందనుకుంటే చివరికి కట్టే మొత్తం సుమారు 34 వేల పౌండ్లు పెరుగుతుంది. తప్పనప్పుడు పొడిగించి, జీతం పెరిగాక మళ్లీ గడువు కుదించుకునేవాళ్లకు నష్టం తక్కువ. పొడిగించి వదిలేసేవాళ్లకే అసలు దెబ్బ.

తెలుగువాళ్లలో చాలామందికి ఆలస్యంగా తెలిసే విషయం స్టాంప్ డ్యూటీలో ఉంది. ఇంగ్లండ్‌లో 2025 ఏప్రిల్ 1 నుంచి మొదటిసారి ఇల్లు కొనేవాళ్లకు 3 లక్షల పౌండ్ల వరకు పన్ను లేదు. అక్కడి నుంచి 5 లక్షల వరకు ఉన్న భాగం మీద 5 శాతం. ఇంటి ధర 5 లక్షలు దాటితే ఈ రాయితీ మొత్తం పోతుంది. సరిగ్గా 5 లక్షల ఇంటికి పన్ను 10 వేలు, ఆ గీత దాటగానే 15 వేలు. అయితే మొదటిసారి కొనడం అంటే బ్రిటన్‌లో మొదటిసారి అని కాదు. ప్రపంచంలో ఎక్కడా ఎప్పుడూ ఇల్లు ఉండకూడదు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో పేరు మీద ఫ్లాట్ ఉంటే, వారసత్వంగా వచ్చినదైనా సరే, ఆ రాయితీ వర్తించదు. ఇద్దరు కలిసి కొంటుంటే ఇద్దరికీ అర్హత ఉండాలి. లైఫ్‌టైమ్ ఐసా అనే సేవింగ్స్ ఖాతాలో ప్రభుత్వం ఇచ్చే 25 శాతం బోనస్‌తో ఇల్లు కొనడానికీ, ఆ ఖాతా ఉన్న వ్యక్తికి ప్రపంచంలో ఎక్కడా ఎప్పుడూ ఇల్లు ఉండకూడదన్న షరతే ఉంది.

రాయితీ పోవడంతో అయిపోదు. ఇండియాలోని ఆ ఇంటి విలువ 40 వేల పౌండ్లు, అంతకన్నా ఎక్కువ అయితే, ఇక్కడ కొనేది అదనపు ఇంటి కింద లెక్కకు వచ్చి మొత్తం ధర మీద ఇంకో 5 శాతం సర్‌చార్జ్ పడే అవకాశం ఉంది. 2024 అక్టోబర్ 31న ఈ సర్‌చార్జ్‌ను 3 నుంచి 5 శాతానికి పెంచారు. 3 లక్షల ఇంటికి మొదటిసారి కొనేవాళ్లు సున్నా కడితే, మామూలుగా కొనేవాళ్లు 5 వేలు, సర్‌చార్జ్ పడినవాళ్లు 20 వేలు కట్టాలి. భార్యాభర్తలను ఈ విషయంలో ఒకటిగానే చూస్తారు. ఫ్లాట్ ఆయన పేరు మీద ఉంది కాబట్టి ఇక్కడ ఆమె పేరు మీద కొంటే సరిపోతుందన్న ఆలోచన పనిచేయదు. స్కాట్లండ్, వేల్స్‌లలో పన్ను పేరూ రేట్లూ వేరు. ఇండియాలో ఉన్న ఆస్తి గురించి సొలిసిటర్‌కు, అంటే కొనుగోలు కాగితాలు చూసే లాయర్‌కు, మొదటి రోజే చెప్పాలి. ఆఫర్ పెట్టాక బయటపడితే డిపాజిట్ లెక్క అంతా తారుమారు అవుతుంది.

డిపాజిట్ డబ్బు అమ్మానాన్నల దగ్గర నుంచి వస్తుంటే లెండర్ గిఫ్ట్ లెటర్ అడుగుతాడు. ఇది అప్పు కాదని, ఇంట్లో తమకు వాటా లేదని వాళ్లు రాసి ఇవ్వాలి. ఆ డబ్బు వాళ్లకు ఎలా వచ్చిందో సొలిసిటర్‌కు చూపించే కాగితాలు కూడా కావాలి. పొలం అమ్మితే అమ్మకం దస్తావేజు, ఫిక్స్‌డ్ డిపాజిట్ అయితే బ్యాంకు స్టేట్‌మెంట్లు. వీటికి వారాలు పడుతుంది, ముందే తెప్పించి పెట్టుకోవడం మంచిది.

ఇప్పటికే ఇల్లున్నవాళ్లు డీల్ ముగియడానికి ఆరు నెలల ముందే పని మొదలుపెట్టవచ్చు. ఆ రోజుకు దొరికే రేటును లాక్ చేసుకుని, ఈలోగా రేట్లు తగ్గితే దాన్ని వదిలి కొత్తది తీసుకోవచ్చు. పెరిగితే లాక్ చేసిందే ఉంటుంది. పాత బ్యాంకులోనే కొత్త డీల్‌కు మారితే దాన్ని ప్రొడక్ట్ ట్రాన్స్‌ఫర్ అంటారు. సాధారణంగా జీతం కాగితాలు మళ్లీ అడగరు, లీగల్ పని ఉండదు, ఆన్‌లైన్‌లో కొన్ని నిమిషాల్లో అయిపోతుంది. ఉద్యోగం మారినవాళ్లకు, ఒక జీతం తగ్గినవాళ్లకు, ఇంటి విలువ పడిపోయినవాళ్లకు ఇది పెద్ద ఊరట. కానీ సులువుగా ఉందని బయటి డీల్స్ చూడకుండా ఒప్పేసుకుంటే, పైన వేసిన రెండేళ్ల లెక్క ప్రకారం వందల పౌండ్లు వదులుకోవాల్సి రావచ్చు. బ్యాంకు ఆన్‌లైన్‌లో చూపించే ఇంటి విలువను కూడా సరిచూసుకోవాలి. వీధిలో అలాంటి ఇళ్లు ఎక్కువకు అమ్ముడుపోతుంటే వాల్యుయేషన్ మళ్లీ చేయమని అడగవచ్చు. దాంతో ఎల్‌టీవీ మెట్టు మారవచ్చు.

కొత్త కిస్తీ నిజంగానే మోయలేనిదైతే, ఒక నెల తప్పక ముందే బ్యాంకుకు ఫోన్ చేయాలి. 2023 జూన్‌లో ప్రభుత్వం, ప్రధాన లెండర్లు ఒప్పుకున్న మార్ట్‌గేజ్ చార్టర్ కింద, కిస్తీలు సక్రమంగా కడుతున్నవాళ్లు ఆరు నెలలు వడ్డీ మాత్రమే కట్టేలా మారవచ్చు. లేదా గడువు పొడిగించుకుని, ఆరు నెలల్లోపు వద్దనుకుంటే పాత గడువుకే తిరిగి రావచ్చు. వీటికి కొత్తగా జీతం పరీక్ష ఉండదు, క్రెడిట్ స్కోర్ మీద ప్రభావం ఉండదు. కిస్తీ తప్పినా, అసాధారణ పరిస్థితుల్లో తప్ప, మొదటి తప్పిన నెల నుంచి 12 నెలల లోపల ఇంటిని వాళ్ల ఇష్టానికి విరుద్ధంగా స్వాధీనం చేసుకోబోమని ఆ లెండర్లు మాట ఇచ్చారు. బ్యాంకు ఈ చార్టర్‌లో ఉందో లేదో ఆ ఫోన్‌లోనే అడిగి తెలుసుకోవచ్చు.